నిప్పురవ్వ కాదు.. దాని ముందున్న దారే ప్రాణాలు తీస్తోంది! మంట పేలుడుగా మారే ఆ క్షణంలో అసలేం జరుగుతుంది?

ఫ్యాక్టరీలో పేలుడు. టీవీ స్క్రీన్ కింద స్క్రోలింగ్ మొదలవుతుంది. కాసేపట్లో చర్చంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. స్పార్క్ ఎక్కడి నుంచి వచ్చింది? షార్ట్ సర్క్యూటా? వెల్డింగ్ పనులా? స్టాటిక్ కరెంటా?

ఈ ప్రశ్న తప్పు కాదు. కానీ ఇదొక్కటే సరిపోదు. నిప్పురవ్వ చేసేది మంట అంటించడం వరకే. ఆ మంట ఇద్దరు ముగ్గురికి కాలిన గాయాలతో ఆగిపోతుందా, మొత్తం భవనాన్ని నేలమట్టం చేస్తుందా అన్నది ఆ తర్వాతి సెకనులో తేలుతుంది. ఆ సెకనును నిర్ణయించేది నిప్పురవ్వ కాదు. మంట ముందు ఏముంది? ఎంత ఇరుకు ఉంది? ఎన్ని అడ్డంకులు ఉన్నాయి? అసలు లెక్కంతా ఇక్కడే ఉంది.

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారం సిగాచీ ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడులో 46 మంది చనిపోయినట్టు గుర్తించారు. మరో 8 మంది ఆచూకీ దొరకలేదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసైన్షియా ఫార్మా యూనిట్‌లో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కెమికల్, ఫార్మా యూనిట్లు పెరుగుతున్నాయి. గ్యాస్ పైప్‌లైన్లు ఊళ్ల పక్క నుంచే వెళ్తున్నాయి. ఇప్పుడు హైడ్రోజన్ కూడా వస్తోంది. అందుకే ఈ సైన్స్ ల్యాబ్‌కే పరిమితమైన విషయం కాదు. మన ఊరి విషయం.

నిప్పు ఒకటే.. నష్టం వేరు

ముందు మనకు తెలిసిన మూడు ఘటనలు చూద్దాం.

1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి బ్లోఅవుట్ అయ్యింది. 65 రోజుల పాటు మంటలు ఎగిసిపడ్డాయి. ఎంత గ్యాస్ తగలబడిపోయిందో ఊహించుకోండి. అయినా ఆ మంట ఊళ్లను కూల్చే పేలుడుగా మారలేదు. ఎందుకు? గ్యాస్ బయటికి వచ్చింది వచ్చినట్టు కాలిపోయింది. గాలితో ముందే కలిసి, ఒకచోట పోగుపడే అవకాశం దానికి దొరకలేదు.

2014 జూన్ 27 తెల్లవారుజాము. అదే కోనసీమలోని నగరం గ్రామం. గెయిల్ పైప్‌లైన్ నుంచి లీకైన గ్యాస్ గాలితో కలిసి చుట్టుపక్కల అలుముకుంది. నిప్పు తగలగానే ఒక్కసారిగా అంటుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మందిని బలి తీసుకున్నది కాలిన గాయాలే.

1997 సెప్టెంబర్ 14. విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీ. ఓడ నుంచి ఎల్పీజీ దించుకుంటుండగా లీకైంది. గ్యాస్ మేఘం పైపులు, ట్యాంకులు, భవనాల మధ్యకు పాకింది. నిప్పంటుకోగానే భారీ పేలుడు. భవనాలు కూలిపోయాయి. సుమారు 60 మంది చనిపోయారు.

మూడింటిలోనూ మండింది ఒకే కుటుంబానికి చెందిన ఇంధనం. హైడ్రోకార్బన్ గ్యాస్. మొదటిచోట మంట నిలబడి కాలింది. రెండోచోట పరుగెత్తి కాల్చింది. మూడోచోట కాల్చడమే కాదు, కూల్చింది కూడా. తేడా ఎక్కడుంది?

మంట పరుగు ఎలా అందుకుంటుంది?

గాలి, ఎల్పీజీ సరైన పాళ్లలో కలిసి కదలకుండా ఉన్నాయనుకోండి. అందులో మంట సెకనుకు అర మీటరు కూడా తినుకుంటూ పోలేదు. మనిషి నడక కంటే నెమ్మది. ఇంత నెమ్మదైన మంట గోడల్ని ఎలా కూలుస్తుంది?

కిటుకు ఏంటంటే, కాలిన గ్యాస్ ఏడెనిమిది రెట్లు ఉబ్బుతుంది. ఉబ్బిన వేడి గ్యాస్ తన ముందున్న కాలని గ్యాస్‌ను నెడుతుంది. అంటే మంట కంటే ముందు గాలి పరుగెత్తుతుంది. ఆ గాలికి ఒక పైపో, మెట్లో, యంత్రమో అడ్డొస్తే దాని వెనక సుడులు లేస్తాయి. గోదావరి వరదలో వంతెన స్తంభాల వెనక నీళ్లు సుడి తిరిగినట్టే.

వెనకే వచ్చిన మంట ఆ సుడుల్లో చిక్కుకుని ముడతలు పడుతుంది, చీలికలు పేలికలవుతుంది. ముడతలు పడ్డ మంటకు విస్తీర్ణం ఎక్కువ. విస్తీర్ణం పెరిగితే ఒకేసారి ఎక్కువ గ్యాస్ కాలుతుంది. ఎక్కువ కాలితే ఇంకా ఉబ్బుతుంది. ఇంకా ఉబ్బితే ముందున్న గాలిని ఇంకా గట్టిగా నెడుతుంది. మళ్లీ సుడులు, మళ్లీ వేగం.

కమ్మరి కొలిమి గుర్తుందా? తిత్తి ఊదితే నిప్పు రాజుకుంటుంది. ఇక్కడ తిత్తి ఊదడానికి వేరే మనిషి అక్కర్లేదు. మంటే తన తిత్తిని తాను ఊదుకుంటుంది. దారిలో ఎన్ని అడ్డంకులు ఉంటే అన్నిసార్లు ఊదుకుంటుంది.

ఇలా సెకనుకు అర మీటరు లోపున్న మంట పదుల మీటర్లకు, అక్కడి నుంచి వందల మీటర్లకు చేరుతుంది. బహిరంగ ప్రదేశంలో అయితే ఉబ్బిన గ్యాస్ నాలుగు వైపులా, పైకి తప్పించుకుంటుంది. వేగం అంతగా పెరగదు. ఇరుకులో తప్పించుకునే దారి లేదు. అందుకే ఖాళీ మైదానంలో మంటగా మిగిలిపోయేది రిఫైనరీ పైపుల మధ్య పేలుడవుతుంది.

ఆఖరి దూకుడు: డిటోనేషన్

ఇంతవరకు చెప్పుకున్న దాన్ని సైన్స్‌లో డెఫ్లగ్రేషన్ అంటారు. అంటే ధ్వని కంటే తక్కువ వేగంతో పాకే మంట. చాలా పారిశ్రామిక పేలుళ్లు ఈ దశలోనే ఉంటాయి. ప్రాణాలు తీయడానికి అది చాలు కూడా. కిటికీ అద్దాలు పగలాలంటే వాతావరణ పీడనంలో నూటికి ఐదు వంతుల ప్రెషర్ పెరిగితే చాలు. మామూలు ఇటుక గోడ కూలడానికి వాతావరణ పీడనంలో సగం పెరుగుదల ఉంటే ఎక్కువే.

కానీ దీని పైన ఇంకో మెట్టు ఉంది. మంట మరీ వేగం అందుకున్నప్పుడు దాని ముందు షాక్ వేవ్‌లు పుడతాయి. అవి కాలని గ్యాస్‌ను ఒక్కసారిగా నొక్కేస్తాయి. నొక్కితే వేడెక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కడం మనకు తెలిసిందే. ట్రాక్టర్ డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కడంతో పుట్టిన వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఇక్కడా అంతే. నొక్కుడుకు గురైన గ్యాస్‌లో ఒక చిన్న చోట, మంట తగలకుండానే, దానంతట అదే భగ్గుమంటుంది.

1960ల్లో అమెరికాలోని బర్క్‌లీ పరిశోధకులు హైస్పీడ్ ఫొటోలతో ఈ క్షణాన్ని పట్టుకున్నారు. పేలుడు లోపల ఇంకో పేలుడు అని దానికి పేరు పెట్టారు. ఆ క్షణం నుంచి ఆట మారిపోతుంది. షాక్ వేవ్, మంట రెండూ ఒకదానికొకటి అతుక్కుని ఒకే అలగా దూసుకెళ్తాయి. ఇదే డిటోనేషన్. వేగం సెకనుకు సుమారు 1,800 మీటర్లు. అంటే గంటకు 6 వేల కిలోమీటర్లకు పైనే! ధ్వని కంటే ఐదు రెట్లు ఎక్కువ. అల ముఖం దగ్గర ప్రెషర్ 15 నుంచి 20 రెట్లు పెరుగుతుంది. గోడకు తగిలి వెనక్కి కొట్టినప్పుడు ఇంకా ఎక్కువ.

ఇది కొత్తగా కనిపెట్టిన విషయమేం కాదు. 1880ల్లోనే ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు పైపుల్లో మంట ఉన్నట్టుండి వేగం అందుకోవడాన్ని కొలిచారు. అయినా ఆ ఆఖరి దూకుడు సరిగ్గా ఎక్కడ, ఎప్పుడు జరుగుతుందో ముందే చెప్పడం ఇప్పటికీ కష్టమే. 2019లో 'సైన్స్' జర్నల్‌లో వచ్చిన ఒక పరిశోధన మరో సంగతి చెప్పింది. సుడులు తగినంత తీవ్రంగా ఉంటే చుట్టూ గోడలు లేకపోయినా మంట డిటోనేషన్‌గా మారగలదట. నక్షత్రాలు సూపర్‌నోవాగా పేలడానికీ ఇలాంటి సూత్రమే కారణం కావచ్చని ఆ బృందం వివరించింది.

చెట్లే మంటను పరుగెత్తించాయి!

గోడలు లేని చోట ఏం కాదులే అనుకునే వాళ్లకు 2005 డిసెంబర్ 11 ఒక పాఠం. ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ ఆయిల్ డిపో. ఆదివారం ఉదయం 6 గంటలు. ఒక ట్యాంక్ నిండిపోయినా పెట్రోల్ వచ్చిపడుతూనే ఉంది. లెవల్ చూపించే గేజ్ కదలకుండా నిలిచిపోయింది. ఆపాల్సిన స్విచ్ పని చేయలేదు. రెండున్నర లక్షల లీటర్లకు పైగా పెట్రోల్ పొర్లిపోయింది. దాని ఆవిరి పొగమంచులా నేల మీద పరచుకుంది.

పేలుడు తీవ్రత చూసి నిపుణులే ఆశ్చర్యపోయారు. బహిరంగ ప్రదేశంలో ఇంత ప్రెషర్ ఎలా సాధ్యం? దర్యాప్తులో తేలిందేంటంటే, డిపో పక్కన రోడ్డు వెంట దట్టంగా పెరిగిన చెట్లు, పొదలే పైపుల్లా పని చేశాయి. కొమ్మ కొమ్మకూ సుడి లేచింది. మంట వేగం అందుకుంది. ఒక దశలో డిటోనేషన్‌గా మారి ఉంటుందన్నది నిపుణుల అంచనా. తర్వాత చెట్లను పెట్టి చేసిన పెద్ద స్థాయి ప్రయోగాల్లోనూ మంట అలాగే వేగం పుంజుకుంది. ఆదివారం పొద్దున్నే కావడంతో ఎవరూ చనిపోలేదు. 43 మంది గాయపడ్డారు.

మన దేశంలో ఆ అదృష్టం లేకపోయింది. 2009 అక్టోబర్ 29 సాయంత్రం జైపూర్ దగ్గర సీతాపురలోని ఐఓసీ డిపోలో పెట్రోల్ లీకైంది. గంటకు పైగా కారుతూనే ఉంది. ఆవిరి డిపో అంతా కమ్మేసింది. ఆ తర్వాత పేలుడు. 11 మంది చనిపోయారు. మంటలు రోజుల తరబడి కాలాయి.

ఇక్కడ ఒకటి గమనించాలి. రెండుచోట్లా నిప్పురవ్వకు ముందు చాలా టైమ్ ఉంది. లీక్‌ను వెంటనే గుర్తించి వాల్వ్ మూసే వ్యవస్థ పని చేసి ఉంటే, ఎంత పెద్ద స్పార్క్ వచ్చినా కాలడానికి అక్కడ మేఘమే ఉండేది కాదు.

గ్యాసే కాదు.. పొడి కూడా!

పిండి, పంచదార, బొగ్గు, కలప, మందు గోలీల్లో కలిపే సెల్యులోజ్. ఇవన్నీ కుప్పగా ఉంటే నెమ్మదిగా కాలేవే. మెత్తటి పొడై గాలిలో లేస్తే మాత్రం గ్యాస్‌లాగే ప్రవర్తిస్తాయి. పాశమైలారం యూనిట్‌లో తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ పొడి. ఆ ఘటన మీద నిపుణుల చర్చంతా డ్రయ్యర్ చుట్టూ, పొడి పేలుడు చుట్టూ తిరగడానికి కారణం ఇదే.

పొడి పేలుడులో మొదటి దెబ్బ కంటే రెండోది ప్రమాదకరం. 2008 ఫిబ్రవరిలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఇంపీరియల్ షుగర్ ఫ్యాక్టరీలో ఏం జరిగిందో చూడండి. పంచదార మోసుకెళ్లే కన్వేయర్ బెల్ట్‌కు మూత బిగించారు. లోపల పొడి పేరుకుంది. అక్కడ మొదటి పేలుడు జరిగింది. ఆ కుదుపుకు నేల మీద, దూలాల మీద ఏళ్ల తరబడి పేరుకున్న పంచదార పొడి గాలిలోకి లేచింది. వెనకే వచ్చిన మంటకు అదే ఇంధనమైంది. గది నుంచి గదికి, అంతస్తు నుంచి అంతస్తుకు పేలుళ్లు పాకాయి. 14 మంది చనిపోయారు.

అంటే చీపురు పట్టి ఊడ్చే పని కూడా సేఫ్టీయే. ఆఫీసులో వాడే పేపర్ క్లిప్ తీగ మందాన పొడి ఫ్యాక్టరీ నేలంతా పేరుకుంటే చాలు, అది ప్రమాద హెచ్చరికే. బొగ్గు గనుల వాళ్లకు ఇది ఎప్పటి నుంచో తెలుసు. 1965లో ధన్‌బాద్ ప్రాంతంలోని ధోరీ గనిలో బొగ్గు పొడి పేలుడుకు 268 మంది బలయ్యారు. భూగర్భ గనుల్లో రాతి పొడి చల్లేది అందుకే. బొగ్గు పొడితో పాటు రాతి పొడి కూడా లేస్తే అది వేడిని పీల్చేసి మంట పరుగును ఆపుతుంది.

రీల్స్‌లో చూసిన ఆ పైపు కథ

2025 దీపావళికి సోషల్ మీడియాలో ఒక ట్రెండ్ నడిచింది. పీవీసీ పైపు, కాల్షియం కార్బైడ్, కాసిన్ని నీళ్లు, ఒక గ్యాస్ లైటర్. పేరు కార్బైడ్ గన్. మధ్యప్రదేశ్‌లో, ముఖ్యంగా భోపాల్‌లో, దీనివల్ల వంద మందికి పైగా కళ్లకు గాయాలయ్యాయి. వాళ్లలో ఎక్కువ మంది పిల్లలే.

ఇప్పటిదాకా చెప్పుకున్నది గుర్తు చేసుకుంటే ఆ బొమ్మలో ఏముందో మీకే అర్థమవుతుంది. కార్బైడ్‌కు నీళ్లు తగిలితే ఎసిటిలీన్ వస్తుంది. తేలిగ్గా డిటోనేషన్‌కు చేరే గ్యాసుల్లో అదొకటి. పైపు అంటే మంటకు పక్కలకు దారి లేని ఇరుకు. ఇంతకంటే ఏం కావాలి? అంటుకోలేదేంటి అని పిల్లాడు పైపులోకి తొంగి చూసిన క్షణమే ప్రమాదం. అది పటాకా కాదు. ఇంట్లో తయారైన పేలుడు గొట్టం.

డిటోనేషన్ అయ్యాక వెంట్ పని చేయదు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పేలుడు ప్రమాదం ఉన్న యంత్రాలకు వెంట్ ప్యానెళ్లు పెడతారు. లోపల ప్రెషర్ పెరగ్గానే అవి ముందుగా ఊడిపోయి వేడి గ్యాస్‌ను బయటికి వదిలేస్తాయి. ప్రెషర్ కుక్కర్‌కు సేఫ్టీ వాల్వ్ లాంటివి. మంట నెమ్మదిగా ఉన్నప్పుడు ఇవి బాగా పని చేస్తాయి. ఎందుకంటే ప్రెషర్ కబురు ధ్వని వేగంతో ముందుగానే ప్యానెల్‌ను చేరుతుంది.

డిటోనేషన్ ధ్వని కంటే వేగంగా వస్తుంది. అంటే కబురు కంటే ముందు దెబ్బే వచ్చేస్తుంది. ప్యానెల్ తెరుచుకునే లోపే అంతా అయిపోతుంది. పైపుల్లో మంటను ఆపే ఫ్లేమ్ అరెస్టర్లదీ అదే సమస్య. నెమ్మది మంటకు టెస్ట్ చేసిన అరెస్టర్‌ను పొడవైన పైపు మధ్యలో పెడితే, అక్కడికి చేరేసరికి మంట డిటోనేషన్‌గా మారి ఉండొచ్చు. అలాంటి చోట్లకు డిటోనేషన్ అరెస్టర్లు వేరే ఉంటాయి. ధర ఎక్కువ. చాలా మంది వెనకాడేది అక్కడే.

అమెరికాలోని సాగో బొగ్గు గని కథ కూడా ఇదే చెబుతుంది. 2006 జనవరి 2న మూసేసిన సొరంగంలో మీథేన్ పేలింది. అడ్డుగా కట్టిన గోడలు 20 పీఎస్ఐ ప్రెషర్‌ను తట్టుకుంటే చాలన్నది అప్పటి నిబంధన. దర్యాప్తు అంచనా ప్రకారం అక్కడ పుట్టిన ప్రెషర్ 90 పీఎస్ఐ దాటింది. గోడలు తునాతునకలయ్యాయి. 12 మంది చనిపోయాక నిబంధన మార్చారు. మంట నెమ్మదిగానే ఉంటుందన్న ఊహ మీద కట్టిన రక్షణ, మంట వేగం అందుకున్న రోజున రక్షణే కాదు.

మన చట్టానికి ఈ సంగతి తెలియక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 37వ సెక్షన్‌లోనే ఉంది. పేలే స్వభావమున్న పొడి, గ్యాస్ ఉన్నచోట యంత్రాన్ని పూర్తిగా మూసి ఉంచాలి. పొడి పేరుకోకుండా తీసేయాలి. నిప్పు పుట్టే వాటిని దూరం పెట్టాలి. పేలుడు ప్రెషర్‌ను తట్టుకోలేని యంత్రాలకు వెంట్‌లు, అడ్డు పలకలు పెట్టి పేలుడు పాకకుండా చూడాలి. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో కొత్త లేబర్ కోడ్ వచ్చింది. చట్టం పేరు మారినా ఈ నాలుగు మాటలు పలచబడకూడదు. ఇన్‌స్పెక్షన్ అంటే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ల ఎక్స్‌పైరీ డేట్ చూసి సంతకం పెట్టడం కాదు.

ముందుంది హైడ్రోజన్ కాలం

అనకాపల్లి జిల్లా పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని మోదీ శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల గ్రీన్ హైడ్రోజన్ ఉత్పత్తి లక్ష్యం. ఉద్యోగాలు, పెట్టుబడులు, కాలుష్యం లేని ఇంధనం. అన్నీ మంచివే.

కానీ మంట లెక్కలో హైడ్రోజన్ వేరే రకం. గాలిలో 4 శాతం నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా అంటుకుంటుంది. మామూలు గ్యాస్‌కు కావాల్సిన నిప్పులో పదో వంతు చాలు. మంట పాకే వేగం దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. అంటే పరుగు మొదలయ్యేదే ముందు గీత నుంచి. డిటోనేషన్ దాకా వెళ్లడానికి తక్కువ దూరం చాలు. 2011లో ఫుకుషిమా అణు కేంద్రంలో భవనాల పైభాగాలను లేపేసింది ఈ హైడ్రోజనే.

అలాగని భయపడి వెనక్కి పోవాల్సిన పని లేదు. హైడ్రోజన్ చాలా తేలిక. పైన దారి ఉంటే వెంటనే ఆకాశంలోకి వెళ్లిపోతుంది. పైకప్పు కింద చిక్కుకుంటేనే సమస్య. అంటే డిజైన్‌లోనే సగం సేఫ్టీ ఉంది. కట్టాక సరిదిద్దడం కంటే కట్టకముందు ఆలోచించడం తేలిక. ఆ అవకాశం మనకు ఇప్పుడుంది.

ఇంట్లో అయితే ఏం చేయాలి?

ఇదే సూత్రం మన వంటింటికీ వర్తిస్తుంది. ఎల్పీజీ గాలి కంటే బరువు. లీకైతే నేల మీద పాకి పక్క గదుల్లోకి చేరుతుంది. వంటింట్లో అంటుకున్న మంట ఇరుకు గుమ్మం దాటి హాల్లోకి వచ్చేసరికి వేగం అందుకుంటుంది. గ్యాస్ వాసన వస్తే రెగ్యులేటర్ ఆఫ్ చేయండి. తలుపులు, కిటికీలు అన్నీ తీయండి. లైటు, ఫ్యాన్, ఎగ్జాస్ట్ స్విచ్ వేయొద్దు, తీయొద్దు. బయటికి వచ్చాకే ఫోన్ చేయండి. గ్యాస్ లీక్ ఎమర్జెన్సీ నంబర్ 1906.

ఇక ఫ్యాక్టరీల విషయానికొస్తే, నిప్పురవ్వను పూర్తిగా లేకుండా చేయడం ఎవరి వల్లా కాదు. పాత మోటారు, అరిగిన బేరింగ్, ఒంటి మీది నైలాన్ చొక్కా.. ఎక్కడో ఒకచోట పుడుతూనే ఉంటుంది. కానీ మేఘం పోగుపడకుండా చూడొచ్చు. పొడి పేరుకోకుండా ఊడ్చొచ్చు. మంటకు దారిలో అడ్డంకులు తగ్గించి, బయటికి పోయే దారి పెట్టొచ్చు. పేలుడు జరిగే యూనిట్‌కూ, జనం పని చేసే చోటుకూ మధ్య దూరం ఉంచొచ్చు. ఇవన్నీ మనిషి చేతిలో ఉన్నవే.

అందుకే ఈసారి ఎక్కడైనా పేలుడు వార్త వస్తే 'స్పార్క్ ఎలా వచ్చింది' దగ్గర ఆగిపోవద్దు. లీకై ఎంతసేపైంది? సెన్సర్ మోగిందా? వెంట్ ఉందా? ఉంటే తెరుచుకుందా? డ్రయ్యర్ ఉన్న భవనంలోనే అంత మందిని ఎందుకు ఉంచారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన వాళ్లు జవాబు చెప్పే వరకు ప్రతి నివేదికలోనూ నేరం నిప్పురవ్వ మీదికే వెళ్తుంది. నిప్పురవ్వ మీద కేసు పెట్టలేం కదా!